లల్లా మహ్బూబా ఆదివారాలు

కెఫ్ పట్టణ గ్రంథాలయంలో నాది కింది గది. దినపత్రికలు, పెద్దవాళ్ల పుస్తకాలు, పరీక్షలకు చదువుకునే కుర్రకారు. నా నెత్తి మీద, పాత చెక్కపలకల నేలకు అవతల, పిల్లల గది. ఆదివారం పొద్దున పదిన్నరకు ఆ గదిలో ఏం జరుగుతోందో పద్దెనిమిదేళ్ల పాటు నేను చూడకుండానే తెలుసుకున్నాను. ముందు చిన్న చిన్న కాళ్ల దడదడ. తర్వాత చెక్కపెట్టె మీద మూడు దెబ్బలు. “ఇంట్లో ఎవరున్నారు?” అని ఒక ఆడగొంతు. “మేమున్నాం!” అని పైకప్పు ఊడిపడేటంత కేక. ఆ వెంటనే చప్పుడు ఆగిపోయేది. కథ మొదలయ్యేది.

ఆ గొంతు లల్లా మహ్బూబాది. మా వైపు గౌరవంగా పిలవాలంటే ఆడవాళ్లను లల్లా అంటాం, మగవాళ్లను సీ అంటాం. మాటలు నాకు కిందికి స్పష్టంగా వచ్చేవి కావు, గొంతు మాత్రం వచ్చేది. ఒంటె మాట్లాడితే గచ్చు మీద బస్తా ఈడ్చినట్టుండేది. పిట్ట మాట్లాడితే దారంలా సన్నబడి, తెగిపోతుందేమో అనిపించి, తెగేది కాదు. మొదటి ఏడాది నాకు ఒళ్లు మండి డైరెక్టర్ సీ రిద్వాన్ దగ్గరికి వెళ్లి, “పైన పెళ్లేమైనా జరుగుతోందా, సీ రిద్వాన్? కింద జనం చదువుకోవాలా వద్దా?” అని అడిగాను కూడా. మూడో ఏటికి నా కుర్రాళ్లే పదిన్నరకు పెన్సిళ్లు కింద పెట్టి పైకప్పు వైపు చూడడం గమనించాను. నేనూ చూస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఆమె ఈ ఉద్యోగానికి చదువుకొని వచ్చిన మనిషి కాదు. నెబ్బర్ దారిలో గోధుమపొలాల మధ్య పుట్టి, ఆరో తరగతితో బడి మానేసి, ఇరవై ఆరేళ్లప్పుడు ఇక్కడ నేల తుడిచే పనికి చేరింది. ఒక వానాకాలం, పిల్లల గది చూసే ఆవిడ పురుటి సెలవులో ఉన్నప్పుడు, వానకు చిక్కుకున్న పన్నెండుమంది పిల్లలు పైన కొట్టుకుంటున్నారు. మహ్బూబా తడిగుడ్డ బకెట్టులో పడేసి, బకెట్టు మీదే కూర్చుని, వాళ్ల ఊరి కథొకటి ఎత్తుకుంది. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు కథ అయ్యేదాకా మెట్ల మీద నిలబడిపోయారట. సీ రిద్వాన్ అప్పుడు కొత్త. కాగితాలతో ఎన్ని తంటాలు పడ్డాడో గానీ, రెండేళ్లలో ఆమెను ఆ గదికి మార్పించాడు. నేను ఈ గ్రంథాలయానికి వచ్చేనాటికి ఆమె చేతిలో చీపురు లేదు.

కథ చెప్పడమంటే నోటికొచ్చింది చెప్పడమని నేను అనుకునేవాణ్ణి. సోమవారం మాకు సెలవు. మంగళవారం నుంచే ఆమె ఆదివారం పని మొదలుపెట్టేది. అట్ట నోటుపుస్తకంలో మూడు కథలు రాసుకునేది. పెద్దది ముందు, ఎందుకంటే పిల్లల ఓపిక అప్పుడే తాజాగా ఉంటుంది. తర్వాత లేచి గెంతే పాట. ఆ తర్వాత చిన్న కథ. మూడోది అవసరమైతేనే. బొమ్మలు పెద్దగా ఉన్న పుస్తకాలే ఏరేది. పుస్తకాన్ని చెవి పక్కన ఎత్తిపట్టుకుని, తలకిందులుగానైనా అక్షరం చూడకుండా చెప్పగలిగేదాకా ఇంట్లో సాధన చేసేది. భర్త హెదీ కెఫ్‌కూ రాజధాని ట్యూనిస్‌కూ మధ్య అద్దె వ్యాను నడిపేవాడు. రాత్రి భోజనాల దగ్గర అతనే ఆమె పరీక్ష.

“నాకు నిద్రొచ్చిందంటే కథ బాలేదని లెక్క,” అనేవాడు హెదీ.

“నీకు ట్యూనిస్ నుంచి వచ్చిన ప్రతిరోజూ నిద్రే. నిన్ను చూసి కథలు మానుకోవాలా?” అనేది ఆమె.

ఒకసారి టీ తాగుతూ నాతో అంది: “నాలుగేళ్లవాడి ఓపిక ఎంతో తెలుసా, సీ తుహామీ? గ్లాసులో టీ చల్లారేంత. ఆలోపల తోడేలు వచ్చి తీరాలి. రాకపోతే వాడే తోడేలవుతాడు.”

పుస్తకాన్ని బడి భాషలో కాకుండా ఇంటి మాటలో చెబుతుందని పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక తనిఖీ అధికారి తప్పుపట్టాడు. “భాష నేర్పాలి కదా, మేడమ్!” అన్నాడు. “ముందు కూర్చోవడం నేర్పుతున్నాను, సీదీ. భాష వాళ్లే అడిగి తీసుకుంటారు,” అంది. ఆయన నవ్వలేదు. ఆమె మాట మార్చలేదు.

యాభైమూడో ఏట మెడలో గడ్డ కనబడింది. ట్యూనిస్‌లో ఆపరేషన్ అన్నారు. గొంతు నరం పక్కనే ఉంది, ఏమైనా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది. గడ్డ మంచిదేనని తేలింది, ప్రాణానికి భయం లేదు. ఆపరేషన్ తర్వాత మూడోరోజున హెదీ నాకు ఫోన్ చేసి, “బాగానే ఉంది, దేవుడి దయ. మాట్లాడతావా?” అని ఆమెకిచ్చాడు. నాకు గాలి మాత్రం వినిపించింది. కిటికీ సందులోంచి వచ్చేలాంటి గాలి.

ఆరునెలలు గొంతు సాధన చేయించే ఒకామె దగ్గరికి తిరిగింది. అ, ఇ, ఉ అంటూ పసిపిల్లలా మొదలుపెట్టింది. గాలి మెల్లగా గరగర అయింది. ఎండుటాకులు తొక్కినట్టు, రెండు మూడు వాక్యాలకు మించి నిలవని గొంతు. “ఇంతకన్నా రాకపోవచ్చు, లల్లా,” అని ఆ సాధన నేర్పే ఆవిడ నిజం చెప్పింది.

పిల్లల గదికి అర్వా అనే కొత్త అమ్మాయి వచ్చింది. తజెర్విన్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. గ్రంథాలయ చదువు చదివింది, మంచి పిల్ల. కానీ పిల్లలంటే భయం. పుస్తకంలో తల దూర్చి చదివేది. పైన కాళ్లు కథ మధ్యలోనే తిరగడం మొదలయ్యేవి. ఆ ఆదివారాలు లల్లా మహ్బూబా నా గదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. పుస్తకాలకు అట్టలు వేస్తున్నానని వంక. చేతిలో కత్తెర కదిలేది కాదు. చెవులు పైన ఉండేవి.

“అదిగో, పేజీ తొందరగా తిప్పేసింది,” అని గరగరగా అనేది. కాసేపాగి, “వాడెవడో లేచాడు. కూర్చోమనకు తల్లీ, వాణ్ణే అడుగు గాడిదెక్కడుందో...” పైకప్పుకు చెప్పేది. పైకప్పుకు ఎలా వినబడుతుంది?

పథకం మాత్రం ఆమే రాసిచ్చేది. ఏ కథ ముందు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పెట్టె మీద కొట్టాలి, అన్నీ చీటీ మీద. ఒకరోజు అర్వా ఆ చీటీ పట్టుకుని ఏడుపు మొహంతో నా గదిలోకి వచ్చింది.

“లల్లా, మీరు రాసినట్టే చేశాను. ఒక్కటీ వదల్లేదు. మీలా రావట్లేదు.”

“నాలా ఎందుకు రావాలి?” అంది మహ్బూబా. ఆ మాటలో కొంచెం కోపముంది, నేను విన్నాను. “నీలా రానీ. పుస్తకం ఎటూ పారిపోదు. పిల్లలు పారిపోతారు. వాళ్లని చూడు.”

అర్వా వెళ్లాక కత్తెర కింద పెట్టింది. తర్వాత నన్ను అడిగింది: “నా గొంతు ఎలా ఉండేది, సీ తుహామీ? నిజం చెప్పండి.”

పోయిన మనిషి గురించి అడిగినట్టు అడిగింది. పద్దెనిమిదేళ్లు విన్న నేను, రోజంతా పుస్తకాల మధ్య బతికే నేను, “బాగుండేది” అని మాత్రం అనగలిగాను. ఆ రాత్రి పడుకున్నాక మంచి మాటలు చాలా తట్టాయి. పొద్దున్న ఆమె మళ్లీ అడగలేదు.

హెదీ చెప్పేవాడు, వంటగదిలో కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్ల హోరులో పిట్టగొంతు ప్రయత్నిస్తుందని. అతనికి వినబడకూడదని కుళాయి. “నీళ్లవీ, ఆమెవీ, రెండూ వృథా,” అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆ వసంతకాలంలో నాజియా అనే ఒక తల్లి పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చి, కిటికీ దగ్గర లల్లా మహ్బూబాను చూసి ఆగింది. “లల్లా, మీకో సంగతి చెప్పాలి. మావాడు ఇయాద్ మీ గొంతు లేనిదే నిద్రపోడు.” ఫోన్ తీసింది. రెండేళ్ల కిందట, ఒక ఆదివారం గదిలో వెనక కూర్చుని, కథ మొత్తం రికార్డు చేసిందట. ద్రాక్షతోటలో దొంగతనానికి వెళ్లిన ఏడుగురు అన్నదమ్ముల కథ, మనుషుల్ని తినే ఘూలా ఉన్న కథ. నాజియా మీట నొక్కింది.

నా గదిలో, పత్రికల వాసన మధ్య, ఆ గొంతు లేచింది. ఈసారి చెక్కపలకల అడ్డు లేదు.

లల్లా మహ్బూబా ముందు ఎవరిదో అన్నట్టు తల పక్కకు వంచి వింది. “ఇదెవరు?” అంది. ఆ తర్వాత చెయ్యి మెడ మీద మచ్చ దగ్గరికి వెళ్లింది. తన గొంతు బయటినుంచి ఎలా ఉంటుందో ఆమె బతుకులో ఎప్పుడూ వినలేదు. కథ అయిపోయింది. “ఇంకోసారి పెట్టమ్మా,” అంది. నాజియాకు ఇంట్లో పొయ్యిమీద చిక్కుళ్లు మాడిపోతున్నా ఇంకోసారి పెట్టింది, తర్వాత ఇంకోసారి. వెళ్లేముందు ఆ రికార్డును ఆమె ఫోన్‌కు పంపింది.

అక్కణ్ణుంచి మధ్యాహ్నాలు ఆమె రొట్టె విప్పుకుని, తినకుండా, ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చోవడం చూశాను. నేను ఏదైనా మాట్లాడబోతే వేలు పెదవుల మీద పెట్టుకునేది, ఎవరో ముఖ్యమైనవాళ్లతో మాట్లాడుతున్నట్టు.

సంగతి సీ రిద్వాన్ చెవిన పడింది. ఆయన మంచివాడే, మంచివాళ్లకు వచ్చే ఆలోచనే ఆయనకూ వచ్చింది. “స్పీకర్ పెట్టి వినిపిద్దాం! పిల్లలకు లల్లా గొంతు, అర్వాకు కాస్త విశ్రాంతి.” లల్లా మహ్బూబా వద్దనలేదు. వద్దంటుందని నేను అనుకున్నాను. ఆమెకూ ఆశ కాబోలు. ఆ ఆదివారం నీలం తలగుడ్డ కట్టుకుని వచ్చింది, పండగలకు కట్టేది. స్పీకర్ మోసుకుని నేనే పైకి వెళ్లాను.

పిల్లలు తివాచీ మీద కూర్చున్నారు. స్పీకర్‌లోంచి మూడు దెబ్బలు పడ్డాయి. “ఇంట్లో ఎవరున్నారు?”

“మేమున్నాం!” అన్నారు పిల్లలు. ఆ రికార్డులోనూ రెండేళ్ల కిందటి పిల్లలు “మేమున్నాం” అన్నారు, ఒక క్షణం తేడాతో. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. కథ నడిచింది. పెద్దన్న గోడ ఎక్కాడు. “గోడ అవతల ఏం కనిపించి ఉంటుంది?” అని గొంతు అడిగింది. ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తి, “మా మామయ్య కుక్క!” అంది. “పొగ!” అన్నాడు ఇంకొకడు. గొంతు ఆగలేదు. “అవునా? పిల్లులా? పిల్లులు కూడా!” అని, అప్పటి ఎవరో పిల్లవాడికి జవాబిచ్చి, నవ్వుతూ ముందుకు వెళ్లిపోయింది. చెయ్యెత్తిన పిల్ల చెయ్యి దించలేదు. ఇంకో ప్రశ్న వచ్చింది. ఇంకో జవాబు గాలిలో ఉండిపోయింది.

“ఆవిడకి చెవుడా?” అని అడిగాడు ఇయాద్. వెనక్కి తిరిగి లల్లా మహ్బూబాను చూశాడు. “నువ్వు ఇక్కడున్నావు కదా లల్లా. మరి అందులో ఎవరున్నారు?”

ఆమె లేచింది. పిల్లల మధ్య దారి చేసుకుంటూ వెళ్లి స్పీకర్ ఆపేసింది. సీ రిద్వాన్ గొంతు సవరించుకున్నాడు. లల్లా మహ్బూబా వెళ్లి, చెయ్యెత్తిన పిల్ల ముందు గొంతుక్కూర్చుని, “మీ మామయ్య కుక్క ఏ రంగు?” అని అడిగింది. ఆ గరగర గొంతు విని పిల్ల వెనక్కి జరిగింది. అయినా చెప్పింది, “మచ్చలది.”

“గోడ అవతల మచ్చల కుక్క ఉంది,” అంది అప్పుడు అర్వా. పుస్తకం లేదు ఆమె చేతిలో, స్పీకర్ పెడుతున్నారని తేలేదు. గొంతు వణికింది, కానీ కళ్లు పిల్లల మీదే ఉన్నాయి. కుక్క మొరిగింది, అన్నదమ్ములు పందిరెక్కారు, ఒక్కో గుత్తీ కోశారు. అర్వా అక్కడ ఆగింది. తర్వాత ఘూలా రావాలి. ఘూలా గొంతు ఆమెకు ఎప్పుడూ వచ్చేది కాదు, వానకు తడిసిన మేకపిల్లలా వచ్చేది. ఆమె ఇంకా నోరు తెరవకముందే వెనకనుంచి, ఎండుటాకులూ గులకరాళ్లూ కలిపి నూరినట్టు, వినబడింది:

“ఎవడ్రా... నా... తోటలో?”

పిల్లలు గుండెలవిసేలా కేకపెట్టారు. ఒకడు ఏడుస్తూ తల్లి ఒళ్లోకి దూకాడు. ఇయాద్ లేచి నిలబడి, “మళ్లీ!” అన్నాడు.

అలా ప్రతి ఆదివారమూ లల్లా మహ్బూబా ఘూలా అయింది. అర్వా కథ చెప్పేది, ఘూలా తలుపు చాటునుంచి వచ్చేది. నిజం చెప్పాలంటే పిల్లలు మునుపటికన్నా ఎక్కువ వచ్చారు. ఊళ్లో బజారుకు వెళ్తుంటే చిన్నపిల్లలు ఆమె వేలు పట్టుకుని, “ఒక్కసారి అరవవా, లల్లా!” అని వెంటపడేవారు. అంతా చక్కబడిందని సీ రిద్వాన్ అందరికీ చెప్పుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

“ఘూలాకు మూడే మాటలు, సీ తుహామీ,” అంది ఒకరోజు. “ఆకలి, కోపం, చావు. మిగతా కథంతా వేరేవాళ్లది.”

“పిల్లలకు మీరంటే ప్రాణం కదా, లల్లా మహ్బూబా.”

“ఘూలా అంటే ప్రాణం. కథ నేనే చెప్పాలని ఉంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా.” అంత పొడుగు వాక్యానికి దగ్గొచ్చింది.

మరుసటి చలికాలం, జనవరిలో, మంచు పడింది. తజెర్విన్ బస్సు రాలేదు, అర్వా రాలేదు. ఆ వాతావరణంలో పిల్లలూ రారనుకున్నాం. పదిన్నరకు ఏడుగురు వచ్చారు, నడిచి వచ్చే ఇళ్లవాళ్లు, నాయనమ్మలతో, తాతలతో. లల్లా మహ్బూబా నావైపు ఒకసారి చూసి మెట్లెక్కింది. నేను కింద కూర్చుని చెవులు రిక్కించాను. పైనుంచి ఏమీ రాలేదు. చివరికి నేనూ ఎక్కి, గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఏడుగురూ నూనె పొయ్యి చుట్టూ ఉన్నారు. మంచులో తన గూడెక్కడో మరిచిపోయిన పిట్ట కథ చెబుతోంది. పుస్తకంలోది కాదు, ఎక్కడా నేను వినలేదు. పిట్ట ముందు బాదం చెట్టును అడిగింది. తర్వాత కోట గోడను. ఒక్కో వాక్యం చెప్పి ఆగుతోంది, నీళ్లు తాగుతోంది, చేతులతో మంచు కురిపిస్తోంది. పిల్లలు ఆ ఆగడాన్ని కూడా కథలోదే అనుకుంటున్నారు. పిట్ట మసీదు మినార్‌ను అడగడానికి ఎగిరింది. అక్కడ గొంతు ఆగిపోయింది. ఆమె నోరు కదిలింది. గాలి కూడా రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి.

పిల్లలు చాలాసేపే ఎదురుచూశారు. వాళ్ల ఓపికను తప్పుపట్టను. తర్వాత ఒక తాత, “చాల్లే తల్లీ, నువ్వు అలిసిపోయావు,” అని మెల్లగా అని కోటు తీశాడు. టోపీలు, చేతిజోళ్లు వెతుక్కున్నారు. దేవుడు దీవించుగాక అని ఒక్కొక్కరే చెప్పి వెళ్లిపోయారు. ఆమె వాళ్లకు తలూపింది. అందరూ వెళ్లాక పొయ్యి ఆర్పి, తివాచీ ఎవరూ తొక్కకపోయినా దులిపింది. నేను సాయం చేయబోతే వద్దని చెయ్యి ఊపింది.

మంగళవారం తలుపు తీసేసరికి బయట ఒక ముసలావిడ, ఆమె చెయ్యి పట్టుకుని మనవరాలు. పిల్ల పేరు తస్నీమ్, అయిదేళ్లుంటాయి.

“రెండు రోజుల్నుంచి నన్ను కొరుక్కు తింటోంది,” అంది ముసలావిడ. “పిట్ట ఇంటికి చేరిందా లేదా అని. చేరిందే తల్లీ, హాయిగా పడుకుందీ అన్నాను. ‘నువ్వు అక్కడ లేవుగా, నీకెలా తెలుసు?’ అంటుంది. దీని నోరు చూడండి!”

లల్లా మహ్బూబా నా గదిలోనే ఉంది. ఆవేళ గొంతు ఆదివారం కన్నా బాగుండలేదు. పిల్లను కిటికీ పక్క కుర్చీ మీద కూర్చోబెట్టి, తను మోకాళ్ల మీద వంగి, చెవిలో మొదలుపెట్టింది. నాకు ఒక్క మాటా వినబడలేదు. తస్నీమ్ మొహమే చూశాను. కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరుచుకుంది. ఒకచోట ముక్కు ఎగబీల్చింది. ఒకచోట నవ్వబోయి, ఇంకా నవ్వొచ్చో లేదో తెలియనట్టు ఆగింది. చాలాసేపు పట్టింది. ముసలావిడ రెండు పాత పత్రికలు తిరగేసింది. చివరికి పిల్ల పెద్ద ఊపిరి వదిలి, నాయనమ్మ వైపు తిరిగి, “నువ్వు చెప్పింది తప్పు,” అంది.

వాళ్లు వెళ్లాక నాకు సంతోషం పొంగుకొచ్చింది. “చూశారా, లల్లా మహ్బూబా! మొదటి మాట నుంచి చివరి మాట దాకా చెప్పారు. వినేవాళ్లు ఒక్కరున్నా చాలు కదా.”

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. కళ్లు తడిగా ఉన్నాయి, కానీ నన్ను చూసిన చూపు మెత్తగా లేదు.

“చాలదు,” అంది. “గది నిండా కావాలి నాకు.”

కిందటి జూన్‌లో ఆమె ఉద్యోగ విరమణ చేసింది. అర్వా ఇప్పుడు పుస్తకం చూడకుండా చెబుతుంది, తలుపు చాటు ఘూలాకు కూడా ఒక పద్ధతి కనిపెట్టింది. పైన కాళ్ల చప్పుడు బాగానే ఉంటుంది. లల్లా మహ్బూబాను అప్పుడప్పుడు రమ్మంటాం. పనిరోజుల్లో వస్తుంది, ఆదివారం రాదు.

హెదీని మొన్న వ్యాన్ల స్టాండు దగ్గర కలిశాను. ఎలా ఉందని అడిగాను. బాగానే ఉంది, ఆలివ్ కాయలు ఊరబెట్టింది, కొడుకు పిల్లలొచ్చి వెళ్లారు అన్నాడు. ప్రయాణికులు ఎక్కుతున్నారు. అతను డోరు వేయబోయి ఆగాడు.

“ఆదివారం పొద్దున మాత్రం రేడియో కట్టేయమంటుంది,” అన్నాడు. “గోడవైపు చూస్తూ కూర్చుంటుంది. పెదవులు కదులుతుంటాయి. మధ్యలో ఆగుతుంది, ఎవరో జవాబు చెబుతున్నట్టు. తర్వాత మళ్లీ కదులుతాయి.”